కొమ్ములున్న పెళ్ళికూతురు

ధర్మవరం,
5 సెప్టెంబరు 2002

మా ఇంటి పశువుల డాక్టరమ్మ ఉమకు,

మీ నాయన సోమప్ప మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని, ఒళ్ళో అట్టముక్క వేసుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే చేయి వణికిందనుకోవద్దు. నవ్వు ఆగడం లేదు, అందుకని అట్ల పోతున్నాయి.

కుదిరిందమ్మా! కుదిరింది! ముప్పై ఒకటో ఏడు వచ్చేదాకా “ఇప్పుడొద్దు నాయనా” అంటూ వచ్చిన పిల్లవు, విమానం ఎక్కే ముందురోజు చెప్పులు తొడుక్కుంటూ “గిరి అయితే సరే” అనేసి పోయినావు. ఆ ఒక్క మాట పట్టుకుని మరుసటి నాడే గుంతకల్లు రైలెక్కినాను. రైల్లో టిక్కెట్లు చూసే ఆయనకు చెప్పినాను. ఉడికిన వేరుశనగ బుడ్డలమ్మే ఆమెకు చెప్పినాను. “ఎవరి పెండ్లప్పా, నీదా?” అని ఆమె నవ్వింది. నవ్వనీ.

గిరి వాళ్ళమ్మ హనుమంతమ్మ రైల్వే క్వార్టర్సు వెనక ఎనుములకు నీళ్ళు పెడుతూ ఉంది. నువ్వు రాత్రంతా కూర్చుని అడ్డం తిరిగిన దూడను బయటికి తీసిన ఎనుమును నాకు చూపించింది. అది ఇప్పుడు పూటకు బకెట్టెడు పాలిస్తుందట. ఆ ఎనుమే మనకు పెండ్లిపెద్ద అయింది! హనుమంతమ్మ ఇట్ల అనింది:

“నీ బిడ్డ బంగారం అన్నా. కట్నమొద్దు, కానుకలొద్దు. ఒక్కటే మాట. గిరి నాకు ఒక్కగానొక్క కొడుకు. వాళ్ళ నాయన పోయినాక వాని కంచం నిండుగా ఉంటే నేను బతుకుతాండా. వాడు ఒక్క పూట పస్తుంటే మాత్రం నేను తట్టుకోలేను. ఆ పొద్దు ఈ సంబంధం లేదనుకో.”

“అంతేనా చెల్లెలా!” అన్నాను. గూడ్సు రైలు గార్డు ఉద్యోగం, భుజాలు చూస్తే గుమ్మానికి అడ్డం. ఆ పిల్లవాడు పస్తుండే రకమా? తాంబూలాలు మార్చుకున్నాము. మాఘంలో ముహూర్తం.

ఇంకొక మాట. నీ ముహూర్తం చీర నేనే నేస్తాను. కండ్లు మసకని మగ్గం దిగి చాలా కాలమైంది కదా, మళ్ళీ ఎక్కినాను. మీ అమ్మ బయమ్మ “ఈ వయసులో గుంతలో దిగితే మళ్ళీ పైకి ఎవరు లేపుతారు?” అని అడుగుతోంది. పెండ్లికి లేస్తానని చెప్పు.

ఆ చలిలో చెవులు కప్పుకో.

సంతోషానికి నిద్రపట్టని
మీ నాయన

*

ఉత్తర నార్వే,
20 సెప్టెంబరు 2002

నాయనకు ఉమ నమస్కారాలు.

నీ ఉత్తరం కొండ మీదికి, మేము ఉంటున్న చెక్క గుడిసెకు చేరింది. నాలుగుసార్లు చదివాను. హనుమంతమ్మ అత్తకు ఎనుము పాలు తగ్గకుండా పత్తిచెక్క పెట్టమని చెప్పు.

నా ఉత్తరం నువ్వు వరండాలో నిలబడి పైకి చదువుతావనీ, వీధిలో మగ్గాలన్నీ ఆగిపోతాయనీ నాకు తెలుసు. అందుకని అందరికీ నమస్కారం. డిజైన్లు గీసే ఓబుళేసు మామకు కూడా.

నేను ఇక్కడేం చేస్తున్నానని మీరంతా అడుగుతుంటారు కదా. వీళ్ళు పెంచే రెయిన్‌డీర్లను చూస్తున్నాను. మంచు జింకలనుకోండి. ఆవు కంటే కొంచెం చిన్నవి. మగదాని కొమ్ములు ఎండిన తుమ్మచెట్టును నెత్తిన పెట్టుకున్నట్లుంటాయి. ఆడదానికి కూడా కొమ్ములుంటాయి గానీ చిన్నవి. ఈ నెల నుంచి మగవాటి నడవడి మారిపోతుంది. మెడ లావెక్కి, గొంతు కింద తెల్లటి జూలు వేలాడుతుంది. మేత మానేస్తాయి. నిద్ర కూడా సరిగా పోవు. గొంతులో నుంచి గురగురమని ఒకటే శబ్దం. కొమ్ములతో పొదలను కొడతాయి, ఒకదానితో ఒకటి తలపడతాయి. ఒంటికి ఏదో వాసన పూసుకుంటాయి. అక్టోబరు దాటాక శాంతిస్తాయి. ఆ తర్వాత కొమ్ములు రాలిపోతాయి. ఇవన్నీ కొండ మీద కూర్చుని దుర్బీనుతో చూసి రాసుకోవడం నా పని.

ఎందుకలా చేస్తాయో ఇంటికొచ్చాక చెబుతాను. ఓబుళేసు మామ కోసం ఒక మగ జింక బొమ్మ గీసి పంపుతున్నాను. కాళ్ళు కుదరలేదు, కొమ్ములు బాగా వచ్చాయి.

నీ కూతురు
ఉమ

*

ధర్మవరం,
6 అక్టోబరు 2002

బంగారు తల్లి ఉమకు,

నీ ఉత్తరం చదువుతుంటే వీధిలో ఒక్క మగ్గం ఆడితే ఒట్టు. చదవడం అయినాక మొదట నోరు తెరిచింది ఓబుళేసు.

“ఏమప్పా సోమన్నా, అర్థమైనాదా నీకు? తిండి మానినాయి. నిద్ర మానినాయి. ఒంటికి గంధం పూసుకుంటాండాయి. గొంతులో ఎప్పుడూ ఒకటే మాట. నెల దాటినాక కొమ్ములు ఇచ్చేస్తాండాయి. మనం తలనీలాలు ఇయ్యమా? ఇది దీక్షప్పా!”

నేను నీ ఉత్తరాన్ని కండ్లకు అద్దుకున్నాను. నువ్వు ఎందుకో రాయలేదు, ఇంటికొచ్చాక చెబుతానన్నావు. ఇంత పెద్ద విషయం కాగితం మీద పట్టదనే కదా? నోరులేని జంతువు, తెల్లటి మంచులో, ఏ స్వామి పేరు తెలియకుండానే ఉపవాసం ఉంటోంది. వానలు లేక ఇక్కడ చేలన్నీ ఎండిపోయి మేమందరం దేవుణ్ణి తిడుతున్నాము. ఆ జింకలను చూసి సిగ్గుపడినాము. పక్కింటి చెన్నమ్మ ఆ పూట సంగటి తినలేదు. మీ అమ్మ మాత్రం తినింది. “జింకకు పండ్ల నొప్పేమో” అనింది. ఆమెకు భక్తి తక్కువని నీకు తెలుసు.

ఆ సంతోషంలోనే మళ్ళీ గుంతకల్లు పోయి గిరికి ఒక మంచి మాట చెప్పినాను. ఆ పిల్లవాడు తల వంచుకుని విని “సరే మామా” అన్నాడు. అదేమిటో నువ్వు వచ్చినాక నీ కండ్లతో చూద్దువు. అంత మంచి పిల్లవాడు జిల్లాలో లేడు, ఇది రాసిపెట్టుకో.

నీ బొమ్మను ఓబుళేసు గీతలు వేసిన కాగితం మీదికి ఎక్కించినాడు. చీర కొంగులో నెమళ్ళకు బదులు ఈ జింకల జంటలే వేస్తున్నాము. కొమ్ములున్నది పెండ్లికొడుకు, కొమ్ములు లేనిది పెండ్లికూతురు. చూసేవాళ్ళకు తేడా తెలియాలి కదా, అందుకని ఆడదాని చిన్న కొమ్ములు తీసేయించినాను.

ఆ దీక్ష ఎన్నాళ్ళు, నియమాలేమిటి, వివరంగా రాయి. అందరూ అడుగుతున్నారు.

జింకలకు నా దండాలు చెప్పు.

మీ నాయన

*

ఉత్తర నార్వే,
20 అక్టోబరు 2002

నాయనకు,

నీ ఉత్తరం చదివి నవ్వుతుంటే నాతో పనిచేసే అమ్మాయి భయపడి నా నుదురు తాకి చూసింది.

అవును నాయనా, దీక్ష లాంటిదే అనుకో. వరండాలో అంతమంది ముందు చదివేదానికి ఆ మాటే బాగుంది. అలాగే ఉండనీ.

వివరంగా రాయమన్నావు కాబట్టి చెబుతున్నాను. పెద్ద మగ జింక ఒకటి పదీ పదిహేను ఆడవాటిని ఒకచోట చేర్చి, పొద్దస్తమానం వాటి చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ఒక్కటి పక్కకు పోయినా పరుగెత్తి మళ్ళిస్తుంది. మూతి పైకెత్తి, పైపెదవి మడిచి గాలి పీలుస్తుంది. చూస్తే నవ్వుతున్నట్లే ఉంటుంది. ఇంకొక మగది వస్తే కొమ్ములు కొమ్ములు తగిలి కొండంతా చప్పుడు. మొన్న రెండు పెద్దవి అలా తోసుకుంటూ ఉండగా, కుర్ర జింక ఒకటి వెనక నుంచి వచ్చి మందలో తిరిగి వెళ్ళింది. ఆ రెండూ చూసుకోలేదు! ఇంత కష్టపడి నెల తిరిగేసరికి పాపం ఒంట్లో నాలుగో వంతు కరిగిపోతుంది. డొక్కలు లోపలికి పోతాయి. అలిసిపోయిన పెద్దవి కొన్ని చలికాలం దాటలేవు కూడా.

గిరికి ఏం మాట చెప్పావు? నాకు రాసిన ఉత్తరాల్లో అతనేమీ చెప్పలేదు. “మామ బాగున్నారు, నేను బాగున్నాను” అంతే. రైలు బోర్డు మీద రాసినట్లు రాస్తాడు.

ఉమ

*

ధర్మవరం,
5 నవంబరు 2002

ఉమకు,

ఏమని రాసేదమ్మా. నిన్న దీపావళి. మన ఇంట్లో ఒక్క దీపం సరిగా వెలగలేదు, నా మొహమూ వెలగలేదు.

నేను గిరికి చెప్పిన మాట ఇది. “నాయనా, నోరులేని జింక తన జత కోసం నెల దినాలు ఉపవాసం ఉంటుందట. మనం మనుషులం. నా బిడ్డ దేశం కాని దేశంలో ఉంది. ఆమె క్షేమంగా వచ్చి పెండ్లి జరిగేదాకా నువ్వూ ఒక పూట తిని, గడ్డం పెంచి, పొద్దున్నే గంధం పెట్టుకో. అయినాక కదిరి నరసింహస్వామికి తలనీలాలు ఇద్దువు.” దసరా నాడు ఆ పిల్లవాడు మొదలుపెట్టినాడు. తర్వాత నీ రెండో ఉత్తరం వచ్చింది. దీక్షేనని నువ్వే రాసినావు కదా! దాన్ని పట్టుకుపోయి అతనికీ చదివి వినిపించినాను. వాళ్ళమ్మ పక్క నుంచి అరకొరగా విన్నట్లుంది.

మొన్న హనుమంతమ్మ రైలు దిగి నేరుగా మన ఇంటికి వచ్చింది. మంచినీళ్ళు కూడా ముట్టలేదు. వరండా మధ్యలో నిలబడింది.

“నా కొడుకు డొక్కలు లోపలికి పోయినాయన్నా. చొక్కా వేసుకుంటే కొయ్యకు తగిలించినట్లుండాది. సంగటి ముద్ద చేసి పెడితే ‘ఒక పూటేమ్మా’ అంటాడు. ఎందుకురా అంటే చెప్పడు. డ్యూటీ నుంచి వచ్చి గంధం పూసుకుని కూర్చుంటాడు. మీ బిడ్డ నా కొడుకుకు పరీక్ష పెట్టినాదా? నాలుగో వంతు కరిగితేనే చేసుకుంటానన్నాదా?”

“లేదు చెల్లెలా, అది జింకల దీక్ష...”

“జింకలకూ నా కొడుకుకూ ఏం సమ్మంధం? నేను ఏం చెప్పినా మొదుట్లోనే? ఒక్క పూట పస్తుంటే లేదన్నానా లేదా?”

ఓబుళేసు మధ్యలో తలదూర్చి “పెద్దవి కొన్ని చలికాలం దాటవంట అమ్మా, అయితే గిరి చిన్నోడే కదా” అన్నాడు. వాడు ధైర్యం చెబుదామనే అన్నాడు. ఆమె కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చింది తల్లీ.

పోతూ పోతూ తేల్చి చెప్పింది. “మీ బిడ్డ తన చేత్తో రాయల్ల. ఆ జింకలు ఎందుకు పస్తుంటాయో, నా కొడుకు ఎందుకుండాల్నో. సరిగ్గా ఉంటే సరి. లేకుంటే తాంబూలం తీసుకుపోండి.”

మగ్గం మీద నీ చీర సగానికి వచ్చింది. అక్కడే ఆపినాను. ఏ దేవుని దీక్ష అది? అసలు సంగతి రాసి పంపు. కాళ్ళూ చేతులూ ఆడని

మీ నాయన

*

ఉత్తర నార్వే,
19 నవంబరు 2002

నాయనా,

ఈ ఉత్తరం పైకి చదవొద్దు. వరండాలోకి తేవొద్దు. తలుపు వేసుకుని నువ్వొక్కడివే చదువు.

ఫోన్ చేద్దామనుకున్నాను. మన వీధికంతటికీ ఫోన్ ఓబుళేసు మామ అంగట్లోనే కదా. ఆయన స్పీకరు నొక్కి పెడతాడు. అది అక్కడ చెప్పే మాట కాదు.

అది దీక్ష కాదు. ఏ దేవుడూ లేడు. తప్పు నాది. నువ్వు పైకి చదువుతావని సిగ్గుపడి డొంకతిరుగుడుగా రాశాను. నువ్వు దీక్ష అంటే, హమ్మయ్య అనుకుని తల ఊపాను. గిరిని అందులో కూర్చోబెట్టావని తెలిస్తే అలా రాసేదాన్నా?

అది ఎద కాలం నాయనా. మగ జింకలు ఆడవాటి కోసం పడే పాట్లు అవన్నీ. మేత మానేది భక్తితో కాదు, మేసే తీరిక లేక, ఆ నెల వాటి ఒంటికి ఆకలి కూడా పుట్టక. తల దించి మేస్తే ఇంకొకడు వస్తాడు. గొంతులో గురగుర భజన కాదు, “నేనున్నాను, దూరం పోండి” అని. పెదవి మడిచి నవ్వేది ఆడదాని వాసన పట్టి, అది ఒప్పుకునే వేళ అయిందో లేదో చూసుకోవడానికి. ఆడది ఒప్పుకోకపోతే నడిచి వెళ్ళిపోతుంది, ఎంత పెద్ద కొమ్ములవాడైనా వెనక తిరగాల్సిందే. ఇక ఆ గంధం... అది గంధం కాదు నాయనా. వాటి మూత్రమే. వెనక కాళ్ళకు పోసుకుంటాయి. ఆ వాసన ఆడవాటికి ఇష్టమట.

గిరితో రోజూ గంధం పూయిస్తున్నావని చదివి, నవ్వాలో ఏడవాలో తెలియక బయటికెళ్ళి మంచులో నిలబడ్డాను.

ఆ జింకలకు పస్తు తప్పదు. గిరికేం అవసరం? నేను అతనికి ఏ పరీక్షా పెట్టలేదు. నేను నడిచి వెళ్ళిపోయేదాన్ని కాదు. ఒప్పుకునే కదా విమానం ఎక్కాను. అత్తకు ఈ ఒక్క ముక్క చదివి వినిపించు, మిగతాది వద్దు. గిరిని రేపటి నుంచి మూడు పూటలా తినమను.

నన్ను తిట్టు, కానీ చీర ఆపొద్దు.

నీ ఉమ

*

ధర్మవరం,
10 డిసెంబరు 2002

నా సిగ్గుల డాక్టరమ్మకు,

నవ్వి నవ్వి డొక్కలు నొప్పి పుట్టి నిన్న మగ్గం ఎక్కలేదు. మొదటి నుంచి చెబుతాను, ఓపిక పట్టు.

తలుపు వేసుకుని చదివినాను.  తలుపు అవతల మీ అమ్మ “పండ్ల నొప్పి కాదా?” అని అడిగింది. తలుపు తీసి ఆమె చెవిలో చెప్పినాను. “అంతేనా, నేను అనుకుంటానే ఉన్నా” అనింది. ఆమె అన్నీ అనుకుంటానే ఉంటుంది, ఒక్కటీ ముందు చెప్పదు.

గుంతకల్లు పోయినాను. హనుమంతమ్మ పాలు పిండుతూ ఉంది. తల ఎత్తలేదు. “చదువు” అనింది. నువ్వు ఒక్క ముక్కే చదవమన్నావు. నేను ఆ ముక్కే చదివినాను. “ఎందుకు పస్తుంటాయో చెప్పమన్నా కదా, అది యాడ?” అనింది. ఏం చేసేది? గొంతు తగ్గించి మొదలుపెట్టినాను. నా గొంతు నాకే వినపడలేదు.

“గట్టిగా చదువన్నా! ఎనుముకు వినపడతాంది గానీ నాకు వినపడల్యా.”

“అది... ఆ కాలం చెల్లెలా.”

“ఏ కాలం?”

“నీ ఎనుము రాత్రంతా అరుస్తుంది చూడు, ఆ కాలం.”

ఆమె బకెట్టు పక్కన పెట్టింది. నా మొహం వైపు చూసింది. ఎనుము మొహం వైపు చూసింది. తర్వాత నవ్వు మొదలుపెట్టింది తల్లీ, గోడకు ఆనుకుని, కొంగుతో కండ్లు తుడుచుకుంటూ.

“అయ్యో నా సామీ! ఎదకొచ్చినాయని ఒక్క మాట రాయల్యాకపోయినాదా? నా ఎనుము కడుపులో మోచేతి దాకా చెయ్యి పెట్టిన పిల్ల! మా ఊర్లో దున్న కూడా అంతే, మేత ముట్టదు, కట్టుగొయ్య పెరికేస్తాది. దానికి నా కొడుకును పస్తు పెట్టి గంధం పూసినారా ఇద్దరూ కలిసి!”

అప్పుడే గిరి డ్యూటీ దిగి వచ్చినాడు. చేతిలో పచ్చజెండా, ఎర్రజెండా. వాళ్ళమ్మ నవ్వు చూసి గుమ్మంలోనే ఆగినాడు. నేను తలవంచుకుని సంగతి చెప్పబోతే, “తెలుసు మామా” అన్నాడు.

“ఎప్పటి నుంచిరా?” అన్నాను.

“నువ్వు రెండో ఉత్తరం చదివిన పొద్దే. పెదవి మడిచి వాసన చూస్తాదంటే తెలీదా? పుట్టినప్పటి నుంచి ఎనుముల మధ్యే ఉండా కదా.”

“మరి చెప్పొద్దా!”

“నువ్వు అంత సంతోషంగా చెప్తాంటే నాకు నోరు రాలేదు మామా. ఆయమ్మే రాయల్యాకపోయింది. నేను యాడ చెప్పేది?”

చూసినావా, నీకు సిగ్గు, అతనికి సిగ్గు, ఆ సిగ్గుల నడుమ నేనొక్కడినే భక్తుడిని!

హనుమంతమ్మ అక్కడికక్కడ సంగటి చేసి, చింతాకు పప్పు వేసి కొడుకును కూర్చోబెట్టింది. అతను “మొక్కు మొక్కే కదమ్మా. నేను స్వామికి మొక్కినా, జింకకు కాదు” అన్నాడు. వాళ్ళమ్మ ముద్దను పప్పులో ముంచి అతని నోటి దగ్గర పెట్టింది. “అయితే గుండు స్వామికియ్యి. కడుపు నాకియ్యి” అనింది. తీర్పు అయిపోయింది. అతను మూడు ముద్దలు తిన్నాడు. నేను లెక్కపెట్టకూడదని అనుకుంటూనే చూసినాను. నాకూ పెట్టింది. తాంబూలం మాట మళ్ళీ ఎత్తలేదు. “చీర ఎంతదాకా వచ్చింది?” అని అడిగింది. అంతే కావాలి నాకు.

ఓబుళేసుకు ఇంకా చెప్పలేదు. పాపం, వాడు మాంసం మానినాడు.

మీ నాయన

*

ఉత్తర నార్వే,
22 డిసెంబరు 2002

నాయనకు,

నీ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను. గిరి కూడా రాశాడు. మొదటిసారి రెండు పేజీలు. ఏం రాశాడో నేను వరండాలో చదవను.

ఓబుళేసు మామకు చెప్పేయ్, పాపం.

ఒక చిన్న సంగతి. చీరలో కొమ్ములున్నది పెళ్ళికొడుకు అని రాశావు. ఇప్పుడు ఇక్కడ పెద్ద మగవాటికి కొమ్ములు లేవు. అన్నీ రాలిపోయాయి, నెత్తి బోడిగా, ఎండిపోయి, మందకు ఒక పక్కగా తిరుగుతున్నాయి. ఆడవాటికి మాత్రం కొమ్ములు ఉన్నాయి, వేసవి ముందు ఈనేదాకా ఉంటాయి. మంచు తవ్వుకుని కింద ఉన్న మేత తినాలి కదా. కడుపుతో ఉన్నది ఆ గుంత దగ్గర నిలబడి, ఎవరొచ్చినా కొమ్ములు ఊపుతుంది. అంత పెద్ద మగది కూడా తప్పుకుంటుంది. నెల కింద కొండ అదరగొట్టినది అదే అని చెబితే నువ్వు నమ్మవు.

చీర నేసేశావు కదా, ఉండనీ. ఎవరికి తెలుస్తుంది? జనవరి ఇరవై ఐదో తేదీకి బెంగళూరులో దిగుతాను.

ఉమ

*

ధర్మవరం,
10 జనవరి 2003

నా తల్లి ఉమకు,

ఎవరికి తెలుస్తుంది అంటావా? నాకు తెలుస్తుంది కదమ్మా.

కొంగు నేసినంతమేర విప్పినాను. “పిచ్చి పట్టిందా, జరీ దండగ” అని మీ అమ్మ. ఓబుళేసు దగ్గరికి పోయి మగ్గానికి తగిలించే డిజైను అట్టలకు మళ్ళీ రంధ్రాలు కొట్టమన్నాను. మగదానికి కొమ్ములు తీసెయ్యి, ఆడదానికి పెట్టు అన్నాను.

“ఏమప్పా సోమన్నా! పెండ్లికూతురుకు కొమ్ములా? బోడిగుండు పెండ్లికొడుకా? ధర్మవరంలో ఎవరన్నా నేసినారా ఇట్లాంటి చీర? నవ్వుతారప్పా!”

“నవ్వితే నా బిడ్డను అడగమను” అన్నాను. అసలు సంగతంతా అప్పుడు చెప్పినాను. వాడు చేతిలోని అట్ట కింద పెట్టి, “అయితే నేను మూడు నెలలు కోడికూర మానింది ఎవరి కోసం?” అన్నాడు.  ఆ పూట మన ఇంట్లోనే కోడి కోసి పెట్టినాము. వాడు అట్టలకు కూలి తీసుకోలేదు.

నిన్న కదిరి పోయి వచ్చినాము. దీక్ష మధ్యలోనే ఆగింది కదా, మొక్కు ఆలస్యం చేయకూడదని గిరి పెండ్లికి ముందే తలనీలాలు ఇచ్చినాడు. గుండు మెరిసిపోతోంది. ముహూర్తానికి వేలి మందం వెంట్రుకలు వస్తాయట. హనుమంతమ్మ గుండు నిమిరి, “గుండుతో పెండ్లికొడుకేందిరా, జనం ఏమంటారు” అని గొణిగింది. సంచిలో నుంచి మచ్చుకు నేసిన కొంగు ముక్క తీసి చూపించినాను. ఆమె కండ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. గుండు జింక, కొమ్ముల జింక, మంచు గుంత దగ్గర ఎదురెదురుగా.

“నా కొడుకునే నేసినావు కదన్నా!” అనింది. ఇంకొంచెం చూసి, కొమ్ముల జింక మీద వేలు పెట్టి, “ఇదేనా మా ఇంటికొచ్చేది?” అని అడిగింది.

“ఇదే చెల్లెలా. ఎదురుపడితే పక్కకు తప్పుకో.”

“తప్పుకుంటా. దాని మేత దాన్ని తిననీ, దాని పని దాన్ని చేయనీ. నా ఎనుములను మాత్రం చూడల్ల” అనింది.

అందుకే కొంగు విప్పినాను ఉమా. ముప్పై ఏండ్లు వేరేవాళ్ళ బిడ్డలకు వంచిన తలల నెమళ్ళు నేసినాను. నా బిడ్డకు కొమ్ములు నేస్తాను.

చివరి జత సగానికి వచ్చింది. పెండ్లికూతురు జింకకు ఒక కొమ్ము అయింది, రెండోది మొదలుపెట్టి ఆపినాను. నువ్వొచ్చి మగ్గం పక్కన కూర్చో, నువ్వు చూస్తుండగా అది పూర్తి చేస్తాను. తర్వాత నువ్వూ గిరీ ఇద్దరూ కలిసి నన్ను గుంతలో నుంచి లేపండి.

నువ్వు “గిరి అయితే సరే” అని చెప్పిపోయిన పొద్దు, మీ అమ్మ బయటికి పోయినాక మగ్గం మీద తల పెట్టి నేను చిన్నపిల్లవాని మాదిరి ఏడ్చినాను. నేను దిగిపోయిన నాటి నుంచి దాని మీదే మిగిలిన పడుగు తడిసింది. ఆ దారాలు ఆరబెట్టి అవే చీరలో కలిపినాను.

ఈ ముక్క మాత్రం అక్కడ ఎవరికీ పైకి చదవొద్దు.

మీ నాయన
సోమప్ప